తోట గేటు తియ్యమని ఊరు అడిగితే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చీపురుపల్లి నుంచి రాజాం పోయే దారిలో మీ తాతల నాటి తోట, పద్నాలుగు ఎకరాలు. పాత బంగ్లా, మామిళ్లు, ఉసిరి చెట్లు, ఒక నుయ్యి, వెనక చిన్న బంద (నీటికుంట), ఈశాన్యం మూల పాముపుట్ట. వాకర్స్ క్లబ్బువాళ్లు పొద్దున్న రెండు గంటలు గేటు తియ్యమంటున్నారు. ఉద్యోగుల సంఘం ఒకటి కార్తీకంలో వనభోజనాలకు తోట ఇమ్మంది. నాగులచవితికి పుట్ట దగ్గరికి ఎప్పట్నుంచో వస్తున్నాం, ఆ దారి ముయ్యొద్దని ఊరివాళ్లు సంతకాలు పెట్టి, ఒక కాపీ కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చారు. ఒప్పుకుంటే రేపు హక్కంటారేమో, కాదంటే ఊళ్లో మాటొస్తుందేమో అని మీ గుంజాటన. విశాఖలో ఉన్న మీ అన్నగారేమో 'ఒక్కణ్నీ రానివ్వకు' అంటున్నారు.

నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మన రెండు జిల్లాల్లోనూ పాత ఎస్టేటు కుటుంబాల తోటలు కొన్నింటికి కాగితాల పని చూస్తున్నాను. ఇలాంటి అర్జీలు రెండు వైపుల నుంచీ చూసినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ అన్నగారి భయం సరైనదే గానీ, భయపడుతున్న చోటు తప్పు. అనుమతి ఇస్తే హక్కు పుట్టదు. అడక్కుండా వస్తూంటే మొహమాటానికి చూసీ చూడనట్టు ఊరుకుంటారే, అక్కడ పుడుతుంది. మన దగ్గర పెద్ద కుటుంబాలు చేసేది సరిగ్గా అదే. ఎవరైనా అర్జీ పెడితే 'రానివ్వం' అంటారు. అర్జీ లేకుండా వెనక కంచె సందులోంచి వచ్చేవాళ్లను మాత్రం 'పోన్లే, మనవాళ్లే కదా' అని వదిలేస్తారు. అడిగినవాడికి లేదు, అడగనివాడికి ఉంది. ఇరవై ఏళ్లు పోయాక కోర్టులో నిలబడేది ఆ అడగనివాడే.

దీనికి ఆధారం 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం, అంటే ఇతరుల భూమి మీద దారి లాంటి హక్కుల చట్టం. మన ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మొదట్నుంచీ మనకు వర్తించే చట్టమే. దాని 15వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఒక దారిని 20 ఏళ్లపాటు శాంతియుతంగా, బాహాటంగా, అడ్డు లేకుండా, 'ఇది నా హక్కు' అన్నట్టు వాడుకుంటే ఆ దారి హక్కు ఖాయమవుతుంది. సర్కారు భూమి అయితే 30 ఏళ్లు. ఆ సెక్షన్ కిందే ఒక వివరణ ఉంది, చాలామంది వకీళ్లు కూడా క్లయింటుకి చదివి చెప్పరు. యజమానితో ఒప్పందం మీద వాడుకుంటున్నట్టయితే, అది హక్కుగా ఇచ్చింది కాదని ఆ ఒప్పందంలోనే తెలుస్తుంటే, ఆ వాడకం ఈ లెక్కలోకి రాదు. అంటే మీరు రాసిచ్చే అనుమతి కాగితమే మీకు రక్ష. అదే చట్టం 52వ సెక్షన్ ఇలాంటి అనుమతిని లైసెన్స్ అంటుంది. 60వ సెక్షన్ ప్రకారం దాన్ని ఇచ్చినవాడే వెనక్కి తీసుకోవచ్చు. 59 ప్రకారం రేపు మీరు తోట అమ్మితే కొన్నవాడు దానికి కట్టుబడక్కర్లేదు. 56 ప్రకారం ఇలాంటి అనుమతిని తీసుకున్నవాడు ఇంకొకరికి బదిలీ చెయ్యలేడు.

ఇంకో సంగతి. ఈజ్‌మెంట్ అనేది పక్క భూమి యజమానికి, తన భూమిని అనుభవించడానికి కావలసిన హక్కు. ఒళ్లు తగ్గడానికి నడిచే మాస్టారికి మీ తోటలో అలాంటిది పుట్టడం చాలా కష్టం. అందుకని మీరు వాకర్స్ గురించి నిద్ర పాడుచేసుకుంటున్నారు గానీ, నాకు అనుమానం ఉన్నది మీరు రాయనివాళ్ల మీద. మీ తోట వెనక పొలాలున్న రైతులు ఎవరైనా బంద పక్కనుంచి ఎడ్లబండో ట్రాక్టరో తోలుతున్నారా? కోతల కాలంలో ఒకసారి వెళ్లి నేల మీద చక్రాల జాడ చూడండి. గడ్డి మొలవకుండా రెండు గాళ్లు తేలి కనిపిస్తే ఆ బాట వయసెంతో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. పాత గోర్జి (ఊరుమ్మడి సన్నబాట) అయితే అది అసలు మీ పట్టాలోనే ఉండకపోవచ్చు. పట్టాలో ఉండి పదేళ్ల నుంచి నడుస్తున్నదైతే, రాసుకోవలసిన మొదటి కాగితం వాకర్స్‌తో కాదు, ఆ రైతుతో.

'ఏడాదికి ఒకరోజు గేటు మూసేస్తే చాలు, హక్కు తెగిపోతుంది' అని ఎవరో చెప్పారని రాశారు. ఇంగ్లండులో అలాంటి అలవాటు ఉంది. మన చట్టంలో అడ్డు పెట్టడం అంటే అర్థం వేరు. ఎదుటివాడికి అడ్డు సంగతి తెలిశాక ఏడాది పాటు వాడు దానికి తలొగ్గి ఊరుకుంటేనే లెక్క. ఒకరోజు తాళం వేసి మర్నాడు తీస్తే గడియారం మళ్లీ మొదటికి రాదు. అయితే అది వృథా కూడా కాదు. ఏటా ఫలానా రోజున యజమాని మూస్తాడు, మళ్లీ తనే తీస్తాడు అంటే ఇది ఆయన దయ మీద నడుస్తున్నదే తప్ప హక్కు కాదని సాక్ష్యం. వారానికో రోజు మూసే అలవాటు పెట్టుకోండి. రాష్ట్రపతి భవన్ తోట, 2023 జనవరి నుంచి అమృత్ ఉద్యాన్ అంటున్నారు చూడండి, అదీ జనానికి తెరిచిన రోజుల్లో సోమవారం మూసే ఉంటుంది. వాళ్లు చెట్ల పనికి మూస్తారు. మీకు రెండు పనులూ అవుతాయి.

సరే, ఇదంతా తోట మీదైతే కదా. ముందు ఎంతమేరకు మీదో చూసుకోండి. పాత ఎస్టేటు తోటల్లో తగవు మొదలయ్యేది ఇక్కడే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ అంతా ప్రభుత్వపరమయింది. జమీందారు సొంత భూములకు 12వ సెక్షన్ కింద రైతువారీ పట్టా ఇచ్చారు. చెరువులు, బందలు, గెడ్డలు, బాటలు, ఊరుమ్మడి జాగాలు ప్రభుత్వం కిందే ఉండిపోయాయి. కాగితం మీద అలా విడిపోయినా, నేల మీద కంచె మాత్రం పాతదే. కాబట్టి కంచె లోపల ఉన్నదంతా మీ పట్టా అనుకోకండి. మీ బంద విషయంలో నాకు గట్టి అనుమానం.

సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ), అంటే సెటిల్‌మెంట్ నాటి భూమి రికార్డు, నకలు తీయించండి. ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో వచ్చే 1బి, అడంగల్ ఇప్పటి సంగతి చెబుతాయి, మీకు కావలసింది ఆనాటి సంగతి. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు కనిపిస్తుంది. పాతదానికీ కొత్తదానికీ పొంతన రాయించుకోండి. ఇంకొకటి, చీపురుపల్లి తాలూకా 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలోది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం కూడా అంతే. 1950 ఆగస్టు 15కి ముందైతే మొత్తం విశాఖపట్నం జిల్లానే. విజయనగరంలో 'రికార్డు లేదు' అని ఎండార్స్‌మెంట్ ఇచ్చినంత మాత్రాన ఆశ వదిలెయ్యకండి, శ్రీకాకుళంలో అడగండి. రాజాం వైపు మీకు ఇంకేమైనా భూములుంటే అది తిరగేసిన కథ. ఆ ఊళ్లు 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి.

బంద పోరంబోకు, అంటే సర్కారు జాగా, అని తేలితే గట్టు మీద జనం నడవడాన్ని మీరు ఆపలేరు. కంచె వేసి ఆపితే 1905 భూ ఆక్రమణ చట్టం కింద నోటీసు మీకే వస్తుంది. అప్పుడు మీరు చెయ్యవలసింది కంచెని లోపలికి జరుపుకోవడం. అర్ధ ఎకరం కోసం పద్నాలుగు ఎకరాలను తగవులోకి లాగకండి. ఈ మాట విని కోపగించుకున్నవాళ్లున్నారు, మీ అన్నగారు కూడా కోపగించుకోవచ్చు.

గ్రీవెన్స్ అర్జీకి భయపడక్కర్లేదు. పట్టా తోటను జనానికి తెరవమని తహసీల్దారు గానీ కలెక్టరు గానీ ఆర్డరు వెయ్యలేరు. ప్రభుత్వానికి నిజంగా కావాలంటే భూసేకరణ చట్టం కింద పరిహారమిచ్చి తీసుకోవాలి, ఒక వాకింగ్ ట్రాక్ కోసం అంత పని ఎవరూ పెట్టుకోరు. కాకపోతే అర్జీ కిందికొస్తుంది, వీఆర్‌ఓ మీ దగ్గరికి వస్తాడు, కాఫీ తాగుతాడు, 'ఏమంటారు బాబూ' అంటాడు. మీరు మర్యాదకు 'వస్తే రానీండి, ఎవరు కాదన్నారు' అంటారు. అతను రిపోర్టులో 'యజమాని అభ్యంతరం లేదని తెలిపినారు' అని రాస్తాడు. అది ఫైల్లో కూర్చుంటుంది. తర్వాత ఆ కాపీ సమాచార హక్కు కింద ఎవరైనా తీసుకోవచ్చు. కాబట్టి వీఆర్‌ఓతో నోటిమాట వద్దు. 'మా జవాబు రాతపూర్వకంగా ఇస్తున్నాం' అని చెప్పి, అర్జీదారులకు రాసే కాగితం కాపీనే ఆయనకూ ఇవ్వండి.

ఇప్పుడు ఒక్కొక్కరి సంగతి.

వాకర్స్‌కి నేనైతే ఇస్తాను. పొద్దున్నే నలభై ఏభై మంది తిరిగే తోటలో చెట్టు కొట్టుకుపోయేవాడూ సారాకి చేరేవాడూ ఉండడు. కాగితం ఇలా ఉంటే చాలు:

'మీ అర్జీ అందింది. మా పట్టా భూమిలోని తోటలో పెద్ద గేటు నుంచి బంగ్లా ముందు వరకు గల బాటపై, సోమవారం తప్ప మిగిలిన రోజుల్లో, ఉదయం 5.30 నుంచి 7.30 వరకు నడవడానికి ఈ దిగువ పేర్లున్న వారికి మార్చి 31 వరకు అనుమతిస్తున్నాము. ఇది మేము ఇష్టపూర్వకంగా ఇస్తున్న అనుమతి మాత్రమే. దీనివల్ల దారి హక్కు గాని, మరే ఇతర హక్కు గాని సంక్రమించదు. కారణం చూపకుండా దీనిని రద్దు చేసే అధికారం మాకు కలదు. తోటలో ఎట్టి కట్టడమూ చేయరాదు.'

కింద 'పై షరతులకు సమ్మతించి' అని వాళ్ల సంతకాలు. పట్టా ఉమ్మడిది కాబట్టి పైన మీ ఇద్దరన్నదమ్ములవీ. మీరొక్కరే పెడితే ఆ కాగితాన్ని ముందు పడగొట్టేది మీ అన్నగారే. మార్చి 31 అని ఎందుకన్నానంటే, మామిడి కాపు పాటకిస్తారు కదా, ఏప్రిల్ నుంచి కాయ దిగేదాకా తోటలో కాపలా పాటదారుది. ఆ రెండు మూడు నెలలు మీరు ఎవరికి మాటిచ్చినా అతనితో తగువే. ఒక కాయ రాలినా వాకర్స్ కోశారంటాడు. వర్షాలు పడ్డాక కొత్త కాగితం, కొత్త సంతకాలు. ఏటేటా మళ్లీ అడగడం వాళ్లకి చిరాకే. ఆ చిరాకు ఉండాలి, అది అనుమతి అని వాళ్లకి గుర్తుండేది దానివల్లే.

తాళంచెవి మాత్రం ఇవ్వొద్దు. గేటు మీ మనిషే తియ్యాలి, మీ మనిషే వెయ్యాలి.

కట్టడం గురించి రాసిన వాక్యం అలంకారానికి కాదు. 60వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది: అనుమతి తీసుకున్నవాడు దాన్ని నమ్ముకుని ఖర్చుపెట్టి శాశ్వతమైన పని ఏదైనా చేస్తే ఆ అనుమతిని మీరు రద్దు చెయ్యలేరు. మన ఊళ్లలో ఇది ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ముందు ఎవరో పెద్దాయన కూర్చోడానికి ఒక సిమెంటు బల్ల వేయిస్తానంటారు. దాని వీపు మీద 'కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం' అని ఎర్ర రంగుతో రాయిస్తారు. మీరు మంచి పనే కదా అంటారు. మరుసటి ఏడాదికి అలాంటివి ఆరు, పక్కన షటిల్ కోర్టు, రేకుల షెడ్డు, షెడ్డులో దేవుడి పటం. ఇక దాన్ని తీయించడం మీ తరమా? కూర్చోడానికి బల్లలు కావాలంటే మీరే చెక్కవి వేయించండి, ఎత్తి పక్కన పెట్టడానికి వీలుగా. అలాగే పంచాయతీ నిధులతో లైట్లు, ఉపాధి హామీ కింద సీసీ రోడ్డు వేయిస్తామని సర్పంచ్ గారొస్తే నమస్కారం పెట్టి పంపేయండి. ప్రజల సొమ్ము పడిన బాటను ప్రైవేటు బాట అని నిరూపించడానికి తర్వాత చెప్పులరగాలి.

వనభోజనాల దగ్గర నేను మీ అన్నగారి పక్షం, సగం వరకు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం పుణ్యమే, కాదనను. కానీ ఇప్పుడు ఉసిరి చెట్టుకి ఒక దండం, మిగతాదంతా డీజే. అంతకన్నా నష్టం చేసేది వంట. మూడువందల మందికి వండాలంటే గాడిపొయ్యి తవ్వుతారు. ఎండలో వంటవాడు నిలబడలేడు కాబట్టి మామిడి నీడలోనే తవ్వుతాడు. మూరెడు లోతు, రెండు బారల పొడుగు. మామిడికి తిండి తెచ్చే సన్నవేళ్లు ఉండేది ఆ మూరెడు లోతులోనే. పలుగు వేసేటప్పుడే అవి తెగుతాయి, మిగిలినవి నాలుగు గంటల మంటకి ఉడికిపోతాయి. పై కొమ్మల ఆకు ఆ రోజు ముడుచుకుంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ వైపు కొమ్మ పూత రాల్చినప్పుడో, వేసవికి ఎండినప్పుడో తేనెమంచు పురుగనుకుని మందు కొట్టిస్తారు. పొయ్యి పూడ్చిన చోట మట్టి తీసి చూస్తే బొగ్గయిన వేళ్లు కనిపిస్తాయి. వంద రూపాయల పిండివంట కోసం అరవై ఏళ్ల చెట్టు పోతుంది. కాబట్టి ఇస్తే, వంట బయట చేయించుకుని తెచ్చుకోవాలని రాయండి. సౌండ్ బాక్సు వద్దు, విస్తళ్లు వాళ్లే ఎత్తాలి, అడ్వాన్సుగా కొంత డిపాజిట్ పెట్టాలి. ఈ షరతులు వినగానే సగంమంది వేరే తోట చూసుకుంటారు, పోనివ్వండి.

ఈ వనభోజనాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇవాళ ఉద్యోగుల సంఘం అంటారు, రేపు ఒక కుల సంఘం, ఎల్లుండి ఇంకో కుల సంఘం. ఒకరికిచ్చి ఇంకొకరికి 'ఆ ఆదివారం ఖాళీ లేదు' అన్నారంటే మీరు నిజం చెప్పినా ఊరు నమ్మదు. నా సలహా: కుల సమారాధనలకు ఎవరికీ వద్దు. స్కూలు పిల్లలకి ఒకరోజు, ఊరందరికీ ఒకరోజు. ఒకసారి జనానికని తెరిచాక గేటు దగ్గర కులం చూసి ఆపితే అది మర్యాద తప్పడం మాత్రమే కాదు, అంటరానితనం కిందికొస్తే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం, దళితుల విషయమైతే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వస్తుంది. మీరు ఆపకపోయినా మీ కాపలావాడు ఆపొచ్చు, వాడికి ముందే గట్టిగా చెప్పండి.

ప్రీ వెడ్డింగ్ షూట్ వాళ్లు మిమ్మల్ని ఇంకా కనిపెట్టలేదనుకుంటాను. పాత బంగ్లా ఫొటో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పడిందంటే వచ్చేస్తారు, డ్రోన్‌తో సహా. డబ్బు ఇస్తామంటారు, తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోండి గానీ తెలిసి తీసుకోండి. రుసుము తీసుకున్న క్షణం నుంచి ఎదుటివాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడు. కాలుజారి పడితే సేవాలోపం అని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు తీసుకుని మధ్యలో గెంటేస్తే పరిహారం అడిగే హక్కు ఈజ్‌మెంట్ చట్టంలోనే ఉంది, 64వ సెక్షన్. ఆ ఆదాయం వ్యవసాయ ఆదాయం కూడా కాదు, మామిడి పాట సొమ్ముతో కలిపి లెక్క రాయకండి. వాకర్స్ దగ్గరా ఊరివాళ్ల దగ్గరా మాత్రం పైసా తీసుకోవద్దు.

డబ్బు తీసుకోకపోయినా పిలిచి రానిచ్చినవాడి భద్రత మీ బాధ్యతే. నూతికి ఇనుప జల్లెడ ఈ వారమే వేయించండి, అనుమతి మాట తర్వాత. కొబ్బరి చెట్లు బాట పక్కనుంటే కాయలు దింపించాకే జనాన్ని రానివ్వాలి. మనకి తుపాన్లు వచ్చేది సరిగ్గా కార్తీకానికి ముందు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. విరిగి కింద పడిన కొమ్మతో భయం లేదు, విరిగి పైనే చిక్కుకుని నెలరోజుల తర్వాత గాలిలేని రోజున పడే కొమ్మతోనే ప్రమాదం. గాలివాన వెలిశాక చెట్టెక్కే మనిషిని పిలిపించి బాట పొడుగునా చూపించండి. పెద్ద జనం వచ్చే రోజుంటే పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఒకటి తీసుకోవడం మంచిది.

పుట్ట సంగతి వేరు. మిగతా ఇద్దరూ అడుగుతున్నది వీలు. ఊరివాళ్లు అడుగుతున్నది ఆనవాయితీ. ఈజ్‌మెంట్ చట్టం రెండో సెక్షన్ జనానికి ఆచారం వల్ల వచ్చిన హక్కుల జోలికి పోకుండా వాటిని అలాగే ఉంచింది. తరతరాలుగా, ఒక నిర్దిష్టమైన రోజున, ఒక ఊరివాళ్లు, ఒకే చోట చేస్తున్న పని అని వాళ్లు చూపగలిగితే కోర్టు కాదనడం కష్టం. మీ తాతగారు బతికున్నప్పుడు కూడా వచ్చేవారని మీరే రాశారు. ఇక్కడ తాళం వేస్తే మీరు చట్టంలోనూ ఓడొచ్చు, ఊళ్లో ఎలాగూ ఓడతారు. దాన్ని ఒప్పుకుని హద్దులు రాసుకోండి. నాగులచవితి ఒక్కరోజు, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా, ఈశాన్యం గేటు నుంచి పుట్ట వరకు. చుట్టూ గట్టు కట్టడం, టైల్స్ వెయ్యడం, నాగప్రతిమ ప్రతిష్ఠించడం కుదరదు. మన వైపు పుట్ట దగ్గర టపాసులు కాల్చే అలవాటుంది కాబట్టి ఎండుటాకు ముందురోజే ఊడ్పించి, రెండు డ్రమ్ములు నీళ్లు పెట్టించండి. ఆ రోజు మీ ఇంటివాళ్లే ముందు పాలు పోసి, వచ్చినవాళ్లకి చిమ్మిలి, చలిమిడి పెట్టండి. ఎవరి తోటలో ఎవరు అతిథులో అది చూసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అడిగి తీసుకోవడమంటే ఏమిటో మన జనానికి తెలియనిదేం కాదు. విజయనగరంలో పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమానుకి చింతచెట్టు కావాలి. అది ఎవరి తోటలో ఉన్నా పూజారి, ఊరిపెద్దలు వెళ్లి అడుగుతారు, పూజ చేసి, బొట్టు పెట్టి అప్పుడు కొడతారు. చెట్టుగలవాడు అదృష్టమనుకుంటాడు. ఆ మర్నాడు వచ్చి పక్క చెట్టు కూడా మాదే అన్నవాడు ఇంతవరకు లేడు.

లోపలికి రానివ్వకుండా చూడనిచ్చే పద్ధతి కూడా ఒకటుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు దూరంగా నిలబడి చూసి పోతారు, చెట్ల కిందకి ఎగబడరు. మీ బంగ్లా ముందు పూలతోట రోడ్డు వైపే ఉందన్నారు. ఆ పక్క గోడ తీసి ఇనుప కమ్మీలు పెట్టిస్తే అడిగేవాళ్లలో కొందరికి అదే సరిపోతుంది. ఇంగ్లండులో 1927లో 609 సొంత తోటలను యజమానులు మనిషికో షిల్లింగు తీసుకుని జనానికి చూపించారు, ఊళ్లలో తిరిగే నర్సుల నిధి కోసం. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. ఏడాదిలో ఏ ఒకటి రెండు రోజులో తెరుస్తారు, మిగతా రోజులు తోట వాళ్లది. మీకు కూడా 'ఎప్పుడూ తెరిచి ఉంటుంది', 'ఎప్పుడూ మూసి ఉంటుంది' అనే రెండే దారులు లేవు.

గేటు మీద బోర్డు మార్చండి. 'అతిక్రమించినవారు శిక్షింపబడుదురు' అన్నది చదివి ఎవరూ భయపడరు, పోలీసులు అసలు పట్టించుకోరు. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం అవ్వాలంటే నేరం చేసే ఉద్దేశమో, భయపెట్టే, అవమానించే, వేధించే ఉద్దేశమో ఉండాలి. చేతిలో వాటర్ బాటిల్‌తో నడిచేవాడి మీద అది నిలవదు. బదులుగా ఇలా రాయించండి: 'ఇది ప్రైవేటు తోట. యజమాని అనుమతితో మాత్రమే ప్రవేశం. ఈ అనుమతి ఎప్పుడైనా రద్దు కావచ్చు.' రాయించాక ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫొటో తీసి దాచండి. ఏటా ఒకటి.

ఇంతా చెప్పాక, మీ అన్నగారు ససేమిరా అంటే కాదనే హక్కు మీ ఇద్దరికీ ఉంది. అప్పుడు కూడా రాసే కాదనండి. కారణం చెప్పకండి, చెబితే నిజమైనదే చెప్పండి. 'కాపు అయ్యాక చూద్దాం' అన్నారంటే జూలైలో గేటు ముందుంటారు. 'పాములున్నాయి' అంటే పాములవాణ్ని తెస్తారు. పుట్ట ఒక్కటి మాత్రం ఈ కాదనడంలో కలపొద్దని ఆయనకి నా మాటగా చెప్పండి.

ముందు ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) స్కెచ్ తెప్పించుకుని, బంద ఏ సబ్ డివిజన్‌లో పడిందో, ఆ గడిలో పట్టాదారు పేరుందో, పోరంబోకు అని ఉందో రాయండి. అది తేలేదాకా వాకర్స్‌కి ఇచ్చే కాగితంలో బాట బంగ్లా ముందు దాకానే ఉండాలి. బంద గట్టు మాట ఎవరెత్తినా 'రికార్డు చూస్తున్నాం' అనండి, అంతకు మించి ఒక్క ముక్క వద్దు.